బడి గ్రామఫోనుకు వయసెంత? పేటెంట్ తేదీ చెప్పేదెంత, చెప్పనిదెంత

న్యూజెర్సీలో ఎడిసన్ అని ఒక ఊరుంది. అమెరికాలో తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే ఊళ్లు చెప్పమంటే చాలామందికి మొదట గుర్తొచ్చే పేర్లలో అదొకటి. ఆ ఊరి పరిధిలోని మెన్లో పార్కులోనే 1877 చివర్లో థామస్ ఎడిసన్ తగరపు రేకు చుట్టిన సిలిండరు మీద తన గొంతు తానే తిరిగి విన్నాడు. అప్పట్లో ఆ ప్రాంతాన్ని రారిటన్ టౌన్‌షిప్ అనేవారు. ఎడిసన్ పేరు పెట్టింది 1954లో. అదే రాష్ట్రంలో, అక్కడి నుంచి గంటకు పైగా ప్రయాణం చేస్తే కామ్డెన్ వస్తుంది. కుక్క బొమ్మతో ప్రపంచమంతా తెలిసిన విక్టర్ టాకింగ్ మెషీన్ కంపెనీ పుట్టి పెరిగింది అక్కడే.

ఎడిసన్‌లో ఉంటున్న ఒక తెలుగు కుటుంబం ఎస్టేట్ సేల్‌లో, అంటే ఒక ఇంటి పాత సామాన్లన్నీ అమ్మేసేచోట, ఒక పాత గ్రామఫోను పెట్టె కొన్నదనుకుందాం. నిలువెత్తు ఓక్ చెక్క పెట్టె. పైన తాళం పడే మూత, విడిగా ఊడివచ్చే పెద్ద చెక్క బాకా, లోపల కుక్క బొమ్మ. లోహపు పలక మీద రోమన్ అంకెల్లో 25, పక్కనే సీరియల్ నంబరు. వెనక చెక్క మీద తెల్ల రంగుతో రాసి, సగం చెరిగిపోయిన అక్షరాలు: ‘స్కూల్ డిస్ట్రిక్ట్ 7’. లోపల అంటించిన కాగితం మీద పేటెంట్ తేదీల వరుస ఉంది. మొదటిది 1903, చివరిది 1909. అమ్మినవాళ్లు ‘ఇది 1903 నాటిది’ అని చెప్పి పంపించారు.

ఆ మాట తప్పు. ఎందుకు తప్పో విప్పి చూస్తే ఈ బడి యంత్రాల చరిత్ర మొత్తం బయటికొస్తుంది. ఇప్పుడు దీని గురించి అడిగేవాళ్లు పెరగడానికి కారణం ఉంది. 1910ల్లో తయారైన ఈ యంత్రాలన్నీ నూరేళ్లు దాటాయి. నూరేళ్లు నిండిన వస్తువును అమెరికా కస్టమ్స్ నిబంధనలు పురాతన వస్తువుగా లెక్కిస్తాయి. మన దేశంలో 1972 నాటి పురావస్తువుల చట్టంలోనూ సాధారణంగా వర్తించే గీత నూరేళ్లే. అందుకే 1903కీ 1915కీ 1928కీ మధ్య తేడా ధరతోనే ఆగదు, చట్టం దాకా వెళ్తుంది.

ఫోనోగ్రాఫు, గ్రామఫోను, విక్ట్రోలా: పేర్ల చిక్కు

మనం అన్నింటినీ గ్రామఫోను అనే అంటాం. మొదట్లో ఆ మాటకు అర్థం వేరు. ఎడిసన్ చేసినది ఫోనోగ్రాఫు. అది సిలిండరు, అంటే గుండ్రటి గొట్టం మీద పాడేది. గ్రాహంబెల్ బృందం 1886లో పేటెంట్ తీసుకున్న మైనపు సిలిండరు యంత్రం గ్రాఫోఫోను. కొలంబియా కంపెనీ ఆ దారిలో వచ్చింది. ఎమిల్ బెర్లినర్ 1887లో పేటెంట్ పొందినది గ్రామఫోను. మనవాళ్లు ‘ప్లేటు’ అని పిలిచే చదునైన బిళ్ల ఆ దారిలోనే వచ్చింది.

తర్వాత అమెరికాలో కోర్టు తగాదాల వల్ల గ్రామఫోను అనే మాట వాడకం తగ్గిపోయింది. ప్లేటు పాడే యంత్రాన్ని కూడా అక్కడివాళ్లు ఫోనోగ్రాఫు అనడం మొదలుపెట్టారు. బ్రిటన్‌లోనూ మన దేశంలోనూ గ్రామఫోను అన్న మాటే నిలబడింది. ఒకే యంత్రాన్ని తెనాలి తాతగారు గ్రామఫోను అని, న్యూజెర్సీ మనవరాలు ఫోనోగ్రాఫు అని అంటే ఇద్దరిదీ ఒప్పే.

విక్ట్రోలా అనేది విక్టర్ కంపెనీ వారి సొంత పేరు. 1906లో ఆ కంపెనీ బాకాను పెట్టె లోపలికి మడిచి, ముందు తలుపులు పెట్టి అమ్మింది. హాల్లో కుర్చీల పక్కన చెక్క బీరువాలా అందంగా కనిపించాలన్నది ఆలోచన. ఆ రకం యంత్రానికి పెట్టిన పేరు విక్ట్రోలా. అంటే, మొదటి అర్థం ప్రకారం బాకా బయటికి ఉంటే అది విక్ట్రోలా కాదు. బడుల కోసం చేసిన 25వ నంబరు యంత్రానికి బాకా బయటే ఉంటుంది. అయినా కంపెనీ కొన్ని ప్రకటనల్లో దాన్ని విక్టర్ అని, కొన్నింట్లో విక్ట్రోలా అని రాసింది. పేరు చూసి రకం నిర్ణయించడం ఇక్కడ కుదరదు.

బడి కోసం చేసినది, బడిలో వాడినది

వయసు లెక్కకు ముందు తేల్చుకోవాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. బడిలో ఉన్న ప్రతి గ్రామఫోనూ బడి గ్రామఫోను కాదు. చాలా ఊళ్లలో ఎవరో ఇంట్లో పాతబడిన యంత్రాన్ని బడికి ఇచ్చేవారు. పిల్లలు నాటకాలు ఆడి, టిక్కెట్లు అమ్మి, ఆ డబ్బుతో మామూలు దుకాణపు యంత్రాన్నే కొన్న బడులూ ఉన్నాయి. అవి బడిలో వాడినవి. కంపెనీ తనంతట తాను బడి అవసరాలు చూసి, వేరే నంబరు ఇచ్చి, బడులకు మాత్రమే ప్రత్యేక ధర పెట్టి అమ్మినవి కొన్నే. విక్టర్ 25వ నంబరు అందులో అన్నింటికంటే ప్రసిద్ధం. ఎడిసన్ కంపెనీ 1912లో ఒక బడి ఫోనోగ్రాఫు తెచ్చింది. కొలంబియా కూడా బడుల కోసం గ్రాఫోనోలా అనే తన యంత్రాల్లో ఒక రకం చేసింది.

వెనక చెక్క మీద ‘స్కూల్ డిస్ట్రిక్ట్ 7’ అని రంగుతో రాసి ఉండటం అది బడిలో ఉన్నదనడానికి సాక్ష్యం. బడి కోసం పుట్టిందనడానికి సాక్ష్యం రోమన్ అంకెల్లో ఉన్న ఆ 25.

1911లో ఒక సంగీతం టీచరమ్మ కంపెనీలో చేరారు

బడికీ గ్రామఫోనుకూ ముడి వేసే ఆలోచన చాలా పాతది. 1878లోనే ఎడిసన్ ఒక పత్రికలో తన యంత్రం ఎన్ని రకాలుగా పనికొస్తుందో జాబితా రాశాడు. ఉత్తరాలు చెప్పి రాయించుకోవడం, చూపులేనివారికి పుస్తకాలు చదివి వినిపించడం, ఉచ్చారణ నేర్పడం, పాఠం చెప్పిన మాటలను దాచిపెట్టడం అన్నీ అందులో ఉన్నాయి. పాటలు వినడమన్నది ఆ జాబితాలో ఒక అంశం మాత్రమే. 1900ల తొలి ఏళ్లలో పెన్సిల్వేనియాలోని స్క్రాంటన్ నుంచి నడిచిన ఒక పోస్టల్ విద్యాసంస్థ ఎడిసన్ సిలిండర్లతో భాషలు నేర్పింది. విద్యార్థి పాఠం వినేవాడు, ఖాళీ సిలిండరు మీద తన జవాబు పలికి పోస్టులో పంపేవాడు.

కానీ తరగతి గదిలోకి యంత్రం వరదలా వచ్చింది 1911 తర్వాతే. ఫ్రాన్సిస్ ఇలియట్ క్లార్క్ అనే ఆమె మిల్వాకీ పాఠశాలల్లో సంగీత బోధనను పర్యవేక్షించేవారు. 1907లో అయోవా రాష్ట్రం కియోకక్‌లో సంగీతోపాధ్యాయులు తొలిసారి పెద్ద ఎత్తున కలుసుకున్నప్పుడు ఆ సభకు అధ్యక్షత వహించినది ఆమే. అమెరికా సంగీతోపాధ్యాయుల జాతీయ సంఘానికి పునాది ఆ సభ. 1911లో విక్టర్ కంపెనీ ఆమెను పిలిచి విద్యా విభాగాన్ని అప్పగించింది. 1934లో విరమించేదాకా ఆమె అక్కడే పనిచేశారు.

ఆమె వచ్చాక కంపెనీ యంత్రం అమ్మి ఊరుకోలేదు. కవాతు బాణీలు, జానపద నృత్యాల సంగీతం, చిన్నపిల్లల పాటలు, ఒక్కో వాద్యం విడిగా ఎలా మోగుతుందో చూపించే ప్లేట్లు తయారు చేయించింది. ఏ తరగతికి ఏ ప్లేటు వేయాలో చెప్పే పుస్తకాలు అచ్చు వేసింది. ఈ పని పెరుగుతుండగానే 1913లో 25వ నంబరు యంత్రం వచ్చింది.

పాఠం చెప్పడమా, సరుకు అమ్మడమా

ఇది ఇప్పటికీ తేలని వాదన. రెండు వైపులా బలముంది.

ఒక వైపువారు అనేది ఇది. విక్టర్‌కు కావలసింది పిల్లల చెవులు కాదు, వాళ్ల ఇళ్లు. బడిలో విన్న ప్లేటు ఇంట్లో కొనిపెట్టమని బిడ్డ అడుగుతాడు, ప్లేటు కొన్నాక యంత్రం కావాలి. పైగా పాడటం నేర్పాల్సిన చోట వినడం నేర్పారు. ఈ భయం కంపెనీలో విద్యా విభాగం పుట్టకముందే ఉంది. బ్యాండు సంగీతానికి పేరుపొందిన జాన్ ఫిలిప్ సౌసా 1906లోనే యాంత్రిక సంగీతం వల్ల ఇళ్లలో పాడటం, వాయించడం ఆగిపోతాయని ఘాటైన వ్యాసం రాశాడు. ఆయన బ్యాండు విక్టర్ కోసం ప్లేట్లు చేస్తూనే ఉంది. ఇంకో అభ్యంతరం కూడా ఉంది. బడులకు పంపిన ప్లేట్లలో యూరప్ శాస్త్రీయ సంగీతానికి పెద్దపీట, మిగతావారి సంగీతానికి ఒక మూల. ఏది మంచి సంగీతమో ఒక కంపెనీ జాబితా నిర్ణయించింది.

రెండో వైపువారు ఆ కాలపు బడిని గుర్తుచేస్తారు. 1910ల చివర్లో అమెరికాలో ఒకే గది, ఒకే టీచరు ఉన్న బడులు దాదాపు 2 లక్షలు. అందులో ఎక్కువ పొలాల మధ్య ఉన్నవే. ఆ టీచరుకు సంగీతం వచ్చి ఉంటే అదృష్టమే. అక్కడి పిల్ల జీవితంలో వయొలిన్ ఎదురుగా చూసే అవకాశం ఎంత? రేడియో ప్రసారాలు 1920లకు ముందు లేవు. యంత్రం లేకపోతే ఆ పిల్లకు వాద్యబృందమంటే పుస్తకంలో బొమ్మ మాత్రమే. క్లార్క్ విక్టర్‌లో చేరకముందు నుంచీ ఈ పనినే నమ్మిన మనిషి. 1916లో న్యూజెర్సీలోని వెస్ట్‌ఫీల్డ్‌లో మొదలై దేశమంతా పాకిన ‘మ్యూజిక్ మెమరీ’ పోటీల్లో పిల్లలు ఒక బాణీ వినగానే దాని పేరు, కట్టినవారి పేరు చెప్పాలి. ఆ ఉత్సాహం అమ్మకపు ప్రకటన ఒక్కటే పుట్టించగలిగేది కాదు.

నాకు అనిపించేది ఇది. కంపెనీ ఉద్దేశం, టీచరు ఉద్దేశం రెండూ ఒకే పెట్టెలో ఉన్నాయి. ఆ పెట్టె తయారీని దగ్గరగా చూస్తే మాత్రం, బడిలో రోజు ఎలా గడుస్తుందో తెలిసినవారే దాన్ని రూపకల్పన చేశారని ఒప్పుకోక తప్పదు.

బాకా ఎందుకు బయటికొచ్చింది

1913 నాటికి ఇళ్లలో బాకా కనిపించే యంత్రం పాత ఫ్యాషన్. అందరూ లోపలి బాకావైపు మళ్లారు. అలాంటప్పుడు విక్టర్ కొత్తగా తెచ్చిన బడి యంత్రానికి బయటి బాకా పెట్టడం వెనకడుగులా కనిపిస్తుంది. దీనివల్లే చాలామంది ఈ యంత్రాన్ని చూసి 1905కో 1906కో చెందిందనుకుంటారు.

కారణం గదిలో ఉంది. అప్పటికి కరెంటుతో ధ్వని పెంచే పద్ధతి లేదు. సూది కదిలించే పలుచటి పొర చేసే శబ్దాన్ని బాకాయే మోయాలి. ఇంట్లో నలుగురు కూర్చుని వినడం ఒక సంగతి. వ్యాయామం హాల్లో 100 మంది పిల్లలు అడుగు కలపడం, ఆట స్థలంలో నాట్యం చేయడం వేరే సంగతి. పెద్ద బాకా, అందులోనూ కావలసిన వైపు తిప్పుకోగలిగే బాకా అక్కడ అవసరం.

పిల్లలున్నచోట బయటి బాకాకు ఎప్పుడూ దెబ్బ తగిలే భయమే. అందుకే దాన్ని ఊడదీసి యంత్రం కింద భాగంలో దాచే ఏర్పాటు చేశారు. పెట్టెకు తాళం పెట్టారు. దుమ్ము పడకుండా, బాధ్యత లేనివాళ్లు ఇష్టమొచ్చినట్టు తిప్పకుండా తాళం వేసుకోవచ్చని ప్రకటనల్లోనే చెప్పారు. ధర బడులకు మాత్రమే ప్రత్యేకమని రాశారు. 1910ల మధ్యలో వచ్చిన ప్రకటనల్లో అది 67 డాలర్ల 50 సెంట్లు. ధర కాలంతోపాటు మారుతూ వచ్చింది కాబట్టి, ఏదైనా బడి పాత లెక్కల పుస్తకంలో ఈ యంత్రం కొన్న పద్దు దొరికితే ఆ అంకె కూడా తేదీకి ఆధారమే. ఈ రకం యంత్రాల తయారీ 1920 ప్రాంతం దాకా సాగింది.

ఒకసారి దీన్ని చూసినవాళ్లు మళ్లీ పొరపడరు. బయటి బాకా పాతకాలపు గుర్తు అనే నియమం ఇళ్లలోని యంత్రాలకు బాగానే పనిచేస్తుంది. బడి యంత్రం దగ్గర ఆ నియమం తలకిందులవుతుంది.

ఎడిసన్ బడి యంత్రం: తేదీ తేల్చడం తేలికైన ఉదాహరణ

వయసు లెక్కలో రెండు గీతలుంటాయి. ‘దీనికి ముందు అయ్యుండదు’ అనేది ఒకటి, ‘దీని తర్వాత అయ్యుండదు’ అనేది మరొకటి. రెండు గీతలూ దగ్గరగా పడితే పని సులువు. ఎడిసన్ బడి ఫోనోగ్రాఫు అలాంటిదే.

ఇది సిలిండరు యంత్రం. ఎడిసన్ ఖరీదైన ఇంటి యంత్రం ‘ఒపేరా’ 1911లో వచ్చింది. దాని యంత్రాంగాన్నే తీసుకుని, సిలిండర్లు పెట్టుకునే సొరుగులున్న లోహపు బీరువా మీద కూర్చోబెట్టారు. పైన నల్ల రంగు బాకా హంస మెడలా వంగి ఉంటుంది. వచ్చింది 1912లో. మరుసటి ఏడాదే, 1913లో, ఎడిసన్ కంపెనీ బయటి బాకా యంత్రాలను మొత్తంగా వదిలేసి, సిలిండరు యంత్రాల్లో లోపలి బాకా ఉన్న ఆంబరోలా రకాన్నే కొనసాగించింది. కాబట్టి ఈ రకం యంత్రం ఎక్కడ కనిపించినా అది 1912, 1913 చుట్టూ తయారైనదే. సీరియల్ నంబరు చూడకపోయినా ఫరవాలేదు.

సొరుగుల్లో నీలి రంగు సిలిండర్లుంటే అవి బ్లూ ఆంబరాల్. 1912 నవంబరులో వచ్చాయి. అంతకుముందున్న మైనం సిలిండర్లు చేయిజారితే ముక్కలయ్యేవి, వాడుకకు అరిగిపోయేవి. ఇవి సెల్యులాయిడ్‌తో చేసినవి, నాలుగు నిమిషాలు పాడతాయి, పిల్లల చేతుల్లో నిలబడతాయి. ఎడిసన్ కంపెనీ 1929లో రికార్డుల వ్యాపారం మూసేసేదాకా వీటిని చేస్తూనే వచ్చింది. అందుచేత యంత్రం 1912దే అయినా సొరుగులో 1925 నాటి సిలిండరు ఉండొచ్చు.

పేటెంట్ తేదీ పుట్టినతేదీ కాదు

మళ్లీ మన పెట్టె దగ్గరికి వద్దాం. పేటెంట్ జాబితా దేనికి వేస్తారు? ఆ యంత్రంలో ఉన్న ఒక్కో ఆలోచన మీద తమకు హక్కుందని పోటీదారులను హెచ్చరించడానికి. హక్కు చెల్లేది మంజూరైన నాటినుంచి 17 ఏళ్లు. అందుకే పదేళ్ల కిందటి తేదీ కూడా కొత్త యంత్రం మీద ఉంటుంది. ఆ 17 ఏళ్లూ ఆ కాలపు వ్యాపారాన్ని ఎంతగా శాసించాయో చెప్పడానికి ఒక తేదీ చాలు. ప్లేటు గాడే సూదిని నడిపించే పద్ధతి మీద బెర్లినర్‌కు 1895 ఫిబ్రవరి 19న వచ్చిన పేటెంట్ 1912 ఫిబ్రవరిలో గడువు తీరింది. ఆ తర్వాత ఆ రంగంలోకి కొత్త కంపెనీలు గుంపులుగా దిగాయి.

కాబట్టి జాబితాలో మొదటి తేదీ దాదాపు ఏమీ చెప్పదు. పనికొచ్చేది చివరి తేదీ. మన పెట్టెలో అది 1909. అంటే ఆ కాగితం 1909 తర్వాతే అచ్చయింది. ఎంత తర్వాత? కాగితం చెప్పదు. కొలంబియా యంత్రాల మీద 1886 మే 4 అని కనిపిస్తుంది. అది బెల్ బృందం పేటెంట్ తేదీ. దాన్ని చూసి తన యంత్రం 1886 నాటిదని నమ్మేవారు ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటూనే ఉంటారు.

కంపెనీ పేరు ఇంకో గీత. విక్టర్ 1901 అక్టోబరులో ఏర్పడింది, 1929లో రేడియో కంపెనీ అయిన ఆర్‌సీఏ చేతికి వెళ్లింది. ఎడిసన్ వారి నేషనల్ ఫోనోగ్రాఫ్ కంపెనీ 1911లో థామస్ ఎ. ఎడిసన్ ఇన్‌కార్పొరేటెడ్‌గా మారింది. పలక మీద ఏ పేరుందో దాన్నిబట్టి ఏళ్లు కొంత తగ్గుతాయి.

సీరియల్ నంబరు మీద రెండు అభిప్రాయాలు

సేకరించేవారిలో కొందరికి సీరియల్ నంబరే సర్వస్వం. విక్టర్ కంపెనీ చాలా రకాలకు ఒక్కోదానికి విడిగా 501 నుంచి లెక్క మొదలుపెట్టింది. మిగిలిన యంత్రాల నంబర్లు పోగేసి, తేదీ తెలిసిన వాటితో పోల్చి, పట్టికలు తయారు చేశారు. నంబరు చెబితే ఏడాది చెప్పే పట్టికలు అలా పుట్టాయి.

మరికొందరు జాగ్రత్తగా ఉండమంటారు. వాళ్ల వాదనకూ బలముంది. పట్టికలు బతికి మిగిలిన యంత్రాల మీద కట్టిన అంచనాలు. నంబరు పలక యంత్రానికి బిగించే వరుస, యంత్రం ఫ్యాక్టరీ దాటే వరుస ఒకటే కానక్కరలేదు. నంబరు చివర ఏ, బీ, సీ లాంటి అక్షరముంటే అది సంవత్సరానికి గుర్తని కొందరు అపార్థం చేసుకుంటారు. అది యంత్రాంగంలో జరిగిన మార్పులకు గుర్తు. ఇంకా ముఖ్యమైన సంగతి, నంబరు తయారీ తేదీ చెప్పగలదేమో గానీ అమ్మిన తేదీ చెప్పదు. 1925లో విక్టర్ కొత్త ఆర్థోఫోనిక్ యంత్రాలు తెచ్చేముందు గోదాముల్లో ఉన్న పాత విక్ట్రోలాలను సగం ధరకే అమ్మేసింది. ఏళ్లకొద్దీ ఖాళీగా పడి ఉన్న యంత్రం అప్పుడు మొదటిసారి ఒక ఇల్లు చూసి ఉండొచ్చు.

నంబరును ఒక సాక్షిగా పిలవాలి, తీర్పరిగా కాదు అన్నది నా అభిప్రాయం. తక్కువ నంబరున్న 25వ రకం యంత్రం తొలి ఏళ్లదని చెప్పడానికి వెనకాడక్కరలేదు. ఫలానా ఏడాది ఫలానా నెల అని చెప్పేవారి మాట మాత్రం వినకండి.

సౌండ్‌బాక్సు, ప్లేట్లు: మారిపోయే భాగాల సాక్ష్యం

సూది పట్టుకుని ఉండే గుండ్రటి డబ్బాను సౌండ్‌బాక్సు అంటారు. విక్టర్ యంత్రాలకు చాలా ఏళ్లు ‘ఎగ్జిబిషన్’ అనే రకం వచ్చేది. 1918 ప్రాంతంలో దాని స్థానంలో ‘నంబర్ 2’ అనే కొంచెం పెద్దది వచ్చింది. 25వ నంబరు యంత్రానికి ‘నంబర్ 2’ ఉంటే అది చివరి ఏళ్లదని అనాలనిపిస్తుంది. ఇక్కడే బడి యంత్రం మిగతావాటికంటే ఎక్కువ తికమక పెడుతుంది. ఇంట్లో యంత్రం వారానికి రెండు సాయంత్రాలు పాడితే, బడిలో యంత్రం ప్రతి రోజూ పాడింది. ఉక్కు సూది ఒక్కో పాటకు ఒకటి మార్చాలి. మార్చని చోట ప్లేటు గాడి చెడింది. కీ మరీ గట్టిగా ఇస్తే స్ప్రింగు తెగింది. సౌండ్‌బాక్సులోని పలుచటి పొర పగిలింది. బాగుచేసేవాడు తన దగ్గర ఏది ఉంటే అది పెట్టాడు. కాబట్టి ఈ భాగాలు చెప్పేది యంత్రం పుట్టుక కంటే దాని బతుకు గురించి ఎక్కువ.

ప్లేట్లదీ అదే కథ, ఇంకా స్పష్టంగా. విక్టర్ ప్లేటు మధ్యలోని కాగితం రూపురేఖలు కాలంతో మారాయి. 1914 నుంచి కొన్నేళ్లపాటు రెక్కలు చాపిన గబ్బిలంలా కనిపించే అలంకరణ ఉండేది. 1925లో కరెంటు మైకుతో రికార్డు చేయడం మొదలైంది. ఆ పద్ధతి తర్వాత వచ్చిన ప్లేట్ల మీద 1926 నుంచి చుట్టలు తిరిగిన అంచు అలంకరణ, అండాకారంలో ‘వీఈ’ అనే అక్షరాలు కనిపిస్తాయి. ప్లేటు రికార్డు చేసిన రోజు కూడా తెలుసుకోవచ్చు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాంటా బార్బరా శాఖ నడిపే రికార్డుల జాబితాలో విక్టర్ కంపెనీ పాత లెడ్జర్ల వివరాలున్నాయి. ప్లేటు నంబరు వెతికితే ఏ తేదీన ఏ ఊళ్లో పాడారో దొరుకుతుంది.

ప్లేటు తేదీ యంత్రం తేదీ కాదు. అది ఆ బడి ఎప్పటిదాకా ఆ యంత్రాన్ని తిప్పిందో చెబుతుంది. నాకు ఇది తయారీ సంవత్సరం కంటే విలువైన సమాచారమనిపిస్తుంది. డైమండ్ డిస్కులని ఎడిసన్ కంపెనీ చేసిన ప్లేట్లను మాత్రం విక్టర్ యంత్రం మీద వేసి చూడకండి. వాటి గాడి పైకీ కిందికీ ఉంటుంది, విక్టర్‌ది పక్కలకు. ఉక్కు సూది వాటిని పాడుచేస్తుంది.

1930ల తర్వాతి బడి యంత్రాలు

కరెంటు యంత్రాల వయసు కట్టడం చాలావరకు తేలిక. ప్లేటు నిమిషానికి ఎన్ని చుట్లు తిరగాలో, అంటే వేగం, మార్చే మీట చూస్తే చాలు. 78 ఒక్కటే ఉంటే సాధారణంగా 1948కి ముందుది. 33 ఉంటే చాలావరకు 1948 జూన్ తర్వాతిది, ఎందుకంటే ఎక్కువసేపు పాడే ఎల్‌పీ ప్లేటు అప్పుడే వచ్చింది. 45 కూడా ఉంటే 1949 తర్వాతిది. 16 అనే నాలుగో అంకె ఉంటే 1950ల మాట. లోపల గాజు వాల్వులకు బదులు ట్రాన్సిస్టర్లు ఉంటే ఇంకా ఈవలిది. బూడిద రంగు గుడ్డ అంటించిన సూట్‌కేసు లాంటి ఈ పెట్టెలను చాలామంది పురాతనమంటూ అమ్ముతున్నారు. అవి పాతవే, నూరేళ్లవి మాత్రం కావు.

మన దగ్గరి ఇత్తడి బాకాలు

తెలుగువాళ్లకు ఈ విషయంలో ఇంకో కారణంగా జాగ్రత్త అవసరం. కుక్క బొమ్మ హక్కు అమెరికా ఖండాల్లో విక్టర్‌ది, మన వైపు బ్రిటన్‌లోని గ్రామఫోన్ కంపెనీది. మనం హెచ్ఎంవీ అని పిలిచేది ఆ రెండోదాన్నే. ఆ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ 1902లో కలకత్తా వచ్చి నవంబరులో పాటలు రికార్డు చేశాడు. 1908లో అక్కడి సియాల్దాలో ఫ్యాక్టరీ మొదలైంది. ఇక్కడ అప్పట్లో ఎక్కువగా అమ్ముడైనవి హెచ్ఎంవీ యంత్రాలే. విక్టర్ 25వ నంబరు లాంటి అమెరికా బడి యంత్రం హైదరాబాద్ పాత సామాన్ల బజారులో కనిపించిందంటే, అది ఎలా ఓడ ఎక్కిందో ముందు అడగాలి.

అలాంటి బజార్లలో ఎక్కువగా మెరిసేవి కొత్త ఇత్తడి బాకాలు. పాత సూట్‌కేసు గ్రామఫోన్ల నుంచి మోటారు తీసి, కొత్త చెక్క పెట్టెలో బిగించి, పూల అంచు బాకా తగిలించి, కుక్క బొమ్మ బిళ్ల అతికిస్తారు. మన దేశంలో తయారైన ఇవి ప్రపంచమంతా వెళ్లాయి. బాకా మెడ మెలిక మరీ నిటారుగా ఉండటం, చెక్కకు వయసు మచ్చలు లేకపోవడం, మోటారు పలకలో పాత రంధ్రాలు ఖాళీగా ఉండటం చూస్తే పట్టేయొచ్చు. ఇలాంటిదానికి వయసు ఒకటి ఉండదు. మోటారుకు ఒకటి, పెట్టెకు ఒకటి.

నిజంగా నూరేళ్లు దాటిన వస్తువు మన దేశంలో ఉంటే, 1972 చట్టం కింద పురావస్తువుగా లెక్కకు వచ్చేదాన్ని కేంద్ర ప్రభుత్వం లేదా అది అధికారమిచ్చిన సంస్థ తప్ప ఇంకెవరూ దేశం దాటించకూడదు. అది పురావస్తువు కాదని తేల్చి పత్రం ఇచ్చేది పురావస్తు శాఖ. అమెరికాలో ఉన్న కొడుక్కి తాతగారి యంత్రం పంపాలనుకునేవారికి ఈ తేదీల గొడవ అక్కడ నిజంగా ఎదురవుతుంది.

ఎడిసన్ ఊళ్లోని పెట్టెకు లెక్క

ఇప్పుడు ఆ కుటుంబం కొన్న పెట్టెను బల్ల మీద పెట్టుకుని వరుసగా చూద్దాం. పేటెంట్ కాగితం చెప్పేది 1909 తర్వాత అని. రోమన్ అంకె 25 చెప్పేది 1913 తర్వాత అని. రెండింటిలో ఆలస్యమైనదే గెలుస్తుంది, కాబట్టి ముందు గీత 1913. ఈ రకం తయారీ ఆగిపోయినది 1920 ప్రాంతం కాబట్టి వెనక గీత అక్కడ. సౌండ్‌బాక్సు ఎగ్జిబిషన్ రకమే ఉంది. అది మార్చినట్టు స్క్రూల మీద గీతలు లేవు. కాబట్టి వెనక గీతను 1918కి జరపడానికి కొంత ధైర్యం చేయొచ్చు. నంబరు ఆ రకంలో మధ్యలో పడిందనుకుందాం. అది దీన్ని కాదనదు, రుజువూ చేయదు.

కింది అరలో మూడు ప్లేట్లు దొరికాయి. రెండింటి మీద గబ్బిలం రెక్కల అలంకరణ, జానపద నృత్యాల బాణీలు. మూడోదాని మీద అండాకారపు ‘వీఈ’. డిస్ట్రిక్ట్ 7 అన్న బడి పక్క బడితో ఎప్పుడు కలిసిపోయిందో కౌంటీ రికార్డుల్లో దొరికితే, యంత్రం ఆ బడి సొత్తుగా ఉన్న కాలానికి కూడా ఒక గీత పడుతుంది.

పెట్టెకు వేలాడదీసే చీటీ మీద రాయాల్సింది ఇంతే: తయారీ 1913, 1918 మధ్య. బడి కోసం చేసినది. కనీసం 1926 దాకా పిల్లలకు పాడింది.